అరుగుదల, నీరసం, ఆయుర్వేద అరిష్టాలు: నా తొమ్మిది నెలల అనుభవం

నేను పశ్చిమ గోదావరి జిల్లాలోని ఒక ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధిస్తున్నాను. నా వయసు 46 ఏళ్ళు. నిరుడు ఆషాఢంలో, బడులు తెరిచిన కొద్ది రోజులకే, మధ్యాహ్నం తిన్న అన్నం రాత్రి దాకా కడుపులో కదలకుండా ఉన్నట్టు అనిపించడం మొదలైంది. ఒంటి గంటకు పప్పు, అన్నం తింటే సాయంత్రం ఐదింటికి వచ్చే తేపులో ఇంకా ఆ పోపు వాసన ఉండేది. పొట్ట ఉబ్బి, బిగదీసినట్టుగా ఉండేది. చీర కుచ్చిళ్ళు వదులు చేసుకుంటే గాని కుదురుగా కూర్చోలేకపోయేదాన్ని. గుండెల్లో మంట మాత్రం ఉండేది కాదు. ఈ సంగతి తరువాత చాలా ముఖ్యమైందని తేలింది కనుక ముందే చెబుతున్నాను. రాత్రి ఆకలి అనేదే తెలిసేది కాదు. ఇంట్లో అందరితో పాటు కూర్చోవాలి గనుక నాలుగు ముద్దలు తిని లేచేదాన్ని. విరేచనం రెండు రోజులకు ఒకసారి, అదీ సాఫీగా అయ్యేది కాదు.

దీనికి తోడు నీరసం. పదో తరగతి గది మేడ మీద ఉంది. పదేళ్ళుగా పుస్తకాలు, హాజరు పట్టీ, సుద్దముక్కల పెట్టె పట్టుకుని ఆ మెట్లు ఒక్క ఊపున ఎక్కేదాన్ని. ఆ వర్షాకాలంలో మాత్రం మధ్యలో మలుపు దగ్గర గోడకు ఆనుకుని ఆగవలసి వచ్చేది. పాఠం చెబుతుండగా గొంతు సన్నబడిపోయేది. ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలు పడుకుని లేచినా కాళ్ళు పీకడం తగ్గేది కాదు. అరగడం లేదు కాబట్టి తినడం లేదనీ, తినడం లేదు కాబట్టి నీరసమనీ నేను లెక్క కట్టుకున్నాను. చూడడానికి సబబుగానే ఉన్న ఆ లెక్క నా చేత మూడు నెలలు వృథాగా గడిపించింది.

మా ఇంట్లో ఆయుర్వేదం మీద గురి కొత్తగా వచ్చింది కాదు. చిన్నప్పుడు కడుపు నొప్పి అంటే అమ్మమ్మ సానరాయి మీద శొంఠి కొమ్ము అరగదీసి, ఆ గంధాన్ని గోరువెచ్చని నీళ్ళలో కలిపి తాగించేది. మా అక్క పురుడు పోసుకున్నప్పుడు ఇంట్లో నెల రోజుల పాటు బాలింతకు పెట్టే కాయం మందు వాసనే. గోదావరికి ఇవతలా అవతలా చింతలూరు మందుల పేరు వినని ఇల్లు మా తరంలో తక్కువ. అందుకే నాకు అల్లోపతి డాక్టరు దగ్గరకు పోవాలన్న ఆలోచన రాకపోవడం, నేరుగా ఆయుర్వేద మందుల దుకాణానికి వెళ్ళి ఆకలికీ బలానికీ ఏదైనా ఇవ్వమని అడగడం నాకు అప్పట్లో సహజంగానే తోచింది.

దుకాణంలో ఇచ్చిన మొదటి సీసా ఒక టానిక్. ఆకలి, బలం, నిద్ర, జ్ఞాపకశక్తి, ఇలా ఆరేడు గుణాలు దాని అట్టపెట్టె మీద రాసి ఉన్నాయి. మొదటి వారం నిజంగానే కొంత హుషారుగా అనిపించింది. ఆ హుషారు చూసి, ఇంకొంచెం బలం కోసం అశ్వగంధ చూర్ణం కూడా కొని, రాత్రి పడుకునే ముందు గ్లాసెడు పాలలో చెంచాడు కలుపుకుని తాగడం మొదలుపెట్టాను. పది రోజులు తిరిగేసరికి ఉబ్బరం రెట్టింపయింది. పొద్దున లేవగానే నాలుక మీద తెల్లగా, మందంగా పాచి, నోరంతా జిగట. మూడోది, మా బడిలో ఒక సహోద్యోగిని తమ బంధువుల ద్వారా తెప్పించి ఇచ్చిన పొడి. తెల్ల కాగితపు పొట్లాలు; మీద పేరు లేదు, ఏమి కలిపారో రాసి లేదు. రక్తం పడుతుందని చెప్పారు. ఆమె ప్రేమతోనే ఇచ్చింది, నేను నమ్మకంతోనే తీసుకున్నాను. దాదాపు నెల రోజులు తేనెతో రంగరించుకుని తిన్నాను.

ఇదే రోజుల్లో నేను చేసిన ఇంకొక తప్పు ఉంది. భీమవరంలో ఉండే మా చెల్లెలు తనకూ అరగడం లేదని ఫోనులో అంటే, నా టానిక్ సీసానే మరొకటి కొని పంపించాను. దానికి రెండు మోతాదులకే గుండెల్లో మంట ఎక్కువై, రాత్రంతా కూర్చునే ఉందట. తనది మొదటి నుంచీ మంట, పులితేపులు ఉండే తత్వం. నాకేమో మంట లేదు, బరువు ఉంది. రెంటినీ మనం అజీర్ణం అనే ఒకే మాటతో చెప్పుకుంటాము. కాని శాస్త్రం వాటిని ఒకటిగా చూడదని తరువాత తెలిసింది: నాది మందాగ్ని, అంటే అరిగించే శక్తి మందగించడం; మా చెల్లెలిది ఆమ్లపిత్తం, అంటే పులుపెక్కి మంట పుట్టడం. పిప్పళ్ళు, మిరియాలు, శొంఠి మొదటిదానికి మేలు చేస్తాయి, రెండోదానికి అగ్గికి ఆజ్యం పోసినట్టు అవుతాయి. చెల్లెలికి చివరకు ఉపయోగపడింది అవిపత్తికర చూర్ణం.

దసరా సెలవుల్లో మా వారు పట్టుబట్టి నన్ను ఒక ఆయుర్వేద వైద్యుని దగ్గరకు తీసుకువెళ్ళారు. ఆయన విజయవాడలోని నోరి రామశాస్త్రి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాలలో చదువుకుని, ప్రభుత్వ వైద్యశాలల్లో ఉద్యోగం చేసి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దాయన. నేను అప్పటిదాకా వాడిన సీసాలు, డబ్బా, మిగిలిన పొట్లాలు అన్నీ ఒక సంచీలో వేసుకుని వెళ్ళాను. ఆయన ముందు వాటి వంక చూడనే లేదు. నాడి చూశారు, నాలుక చాపించి చూశారు, కింది రెప్ప వేలితో లాగి చూశారు, గోళ్ళు నొక్కి చూశారు. ఆ తరువాత ప్రశ్నలు. ఎన్ని గంటలకు తింటారు, తిన్న ఎంతసేపటికి మళ్ళీ ఆకలి వేస్తుంది, తేపు ఏ వాసన వస్తుంది, విరేచనం నీటిలో తేలుతుందా మునుగుతుందా, భోజనం అయ్యాక ఏం తాగుతారు, నెలసరి ఎన్ని రోజులు, గడ్డలు పడుతున్నాయా. ఇన్ని అడిగి, చీటీ రాయబోతూ ఆగి, తలెత్తి, "అమ్మా, పచ్చి బియ్యం నములుతున్నారా?" అన్నారు.

నాకు మాట రాలేదు. బియ్యం కడిగే ముందు డబ్బాలోంచి గుప్పెడు నోట్లో వేసుకోవడం నాకు వేసవి నుంచి అలవాటైపోయింది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, ఈ మధ్య బడికి కూడా చిన్న డబ్బాలో తీసుకువెళ్తున్నాను. మా వారికి కూడా తెలియని సంగతి అది. అలవాటే కదా అనుకున్నాను గాని అది ఒక జబ్బు లక్షణమని నేను ఎన్నడూ అనుకోలేదు. అవునన్నాను. ఆయన రాసిన చీటీలో మందు ఒక్కటీ లేదు. హిమోగ్లోబిన్, ఫెరిటిన్, బి12, థైరాయిడ్, చక్కెర పరీక్షలు ఉన్నాయి. ఒంట్లో ఇనుము తగ్గిపోయిన వాళ్ళకు బియ్యం, మట్టి, సుద్ద, ఐసుముక్కల వంటివి నమలాలనిపిస్తుందనీ, రెప్ప లోపల పాలిపోయి ఉందనీ, ముందు రక్తం సంగతి తేలాలనీ చెప్పారు.

ఆ తరువాత సంచీలోని వస్తువులు చూశారు. టానిక్ సీసాను పక్కన పెట్టారు. అశ్వగంధ మంచి మందేననీ, కాని అరుగుదల మందగించి ఉండగా పాలతో కలిపి తాగితే అరగడానికి బరువవుతుందనీ అన్నారు. "పొయ్యి ఆరిపోయి ఉండగా ఎసట్లో బియ్యం పోస్తూ పోతే అన్నం అవుతుందా అమ్మా? ముందు పొయ్యి అంటించాలి" అన్న ఆయన మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. థైరాయిడ్ మాత్రలు వాడేవారు, కాలేయం జబ్బు ఉన్నవారు, గర్భిణులు దుకాణంలో అడిగి అశ్వగంధ కొనుక్కోరాదని కూడా ఆయన చెప్పారు.

కాగితపు పొట్లం విప్పి చూసినప్పుడు మాత్రం ఆయన ముఖం మారింది. ఊదా ఛాయ ఉన్న ఆ పొడిని వేలి మొనతో రాసి చూసి, ఇందులో మూలికలతో పాటు ఏదో భస్మం, అంటే లోహాన్ని కాల్చి చేసిన పొడి, ఉన్నట్టుందని అన్నారు. సరిగా పుటం పెట్టని, అంటే సరిగా కాల్చని, లోహ భస్మాల వల్ల సీసం, పాదరసం ఒంట్లోకి చేరే ప్రమాదం ఉంది. 2004లో వెలువడిన ఒక అధ్యయనంలో, అమెరికాలోని బోస్టన్ పరిసరాల దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద ఉత్పత్తులను పరీక్షించగా 14 ఉత్పత్తుల్లో సీసం, పాదరసం లేదా ఆర్సెనిక్ కనిపించాయన్న సంగతి నేను తరువాత చదివాను. నన్ను అన్నింటికంటే ఎక్కువగా కలవరపెట్టింది మరొకటి: సీసం ఒంటికి పడితే వచ్చే లక్షణాలు కడుపు నొప్పి, మలబద్ధకం, రక్తహీనత, నీరసం. అంటే నా జబ్బు నయం చేస్తుందని తిన్న పొడి, అచ్చంగా నా జబ్బునే తెచ్చిపెట్టగలదు. ఆయన పరీక్షల చీటీలో చివర రక్తంలో సీసం పరీక్ష కూడా చేర్చారు. ఆ ఫలితం రావడానికి వారం పట్టింది. ఆ వారం నేను సరిగా నిద్రపోలేదు. దైవానుగ్రహం వల్ల సీసం హద్దులోనే ఉందని వచ్చింది. మిగిలిన పొట్లాలను పారేసి, సహోద్యోగినికి కూడా నచ్చజెప్పి ఆమె దగ్గరున్నవీ పారేయించాను.

హిమోగ్లోబిన్ 8.9 ఉంది. ఆడవాళ్ళలో అది 12కు తగ్గితే రక్తహీనతే. ఒంట్లో ఇనుము నిల్వను చెప్పే ఫెరిటిన్ 7, అదీ చాలా తక్కువే. థైరాయిడ్, బి12, చక్కెర సవ్యంగా ఉన్నాయి. వైద్యుడు ఆ కాగితం చూసి, నా నీరసానికి అజీర్ణం ఒక్కటే కారణం కాదనీ, ఇనుము పోవడానికి దారి ఎక్కడుందో చూడాలనీ చెప్పి, నన్ను స్త్రీవైద్య నిపుణురాలి దగ్గరకు పంపారు. ఆవిడ స్కాన్ తీయించి, గర్భాశయంలో చిన్న ఫైబ్రాయిడ్ గడ్డ ఉందనీ, రెండేళ్ళుగా నెలసరిలో ఎక్కువ పోతున్న రక్తానికి అదే మూలమనీ తేల్చారు. ఆపరేషన్ ప్రస్తుతం అక్కరలేదని చెప్పి, నెలసరి రోజుల్లో మాత్రమే వేసుకునే మాత్రలు, రోజూ వేసుకోవలసిన ఐరన్ మాత్ర రాశారు. ఆయుర్వేద వైద్యుని దగ్గరకు వెళ్తున్నానని దాచకుండా చెప్పాను. ఆవిడ కోప్పడలేదు, ఆ మందుల పేర్లు రాసి ఇమ్మన్నారు, చదివారు, ఇనుము ఉన్న ఆయుర్వేద మందు మాత్రం దీనితో కలపవద్దన్నారు. ఆ మాటే వైద్యునికి చెబితే, తానూ అందుకే ఇనుము కలిసే లోహాసవం అనే మందు రాయలేదని ఆయన అన్నారు. ఇద్దరికీ ఒకరి మందులు ఒకరికి తెలిసి ఉండడం వల్ల నాకు కలిగిన నిశ్చింత ఇంతా అంతా కాదు.

ఇక అరుగుదల వైద్యం. మొదటి మూడు వారాలు బలానికి ఏమీ లేదు. హింగ్వాష్టక చూర్ణం, జీరకాద్యరిష్టం, రాత్రి త్రిఫల, అంతే. హింగ్వాష్టకంలో శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు, వాము, సైంధవ లవణం, జీలకర్ర, నల్ల జీలకర్ర, ఇంగువ అని ఎనిమిది ఉంటాయి. దాన్ని ఎప్పుడు, దేనితో తీసుకోవాలన్నది కూడా మందులో భాగమేనని నాకు అప్పుడే తెలిసింది. భోజనానికి కూర్చున్నాక, వేడి అన్నం పిడికెడు విడిగా తీసి, పావు చెంచా చూర్ణం చల్లి, కరిగిన నెయ్యి వేసి కలిపి, మొదటి ముద్దగా తినాలి. ఇంగువ వాసన ముందు ముక్కుకు తగులుతుంది, తరువాత నాలుక చివర ఉప్పు, ఆ వెనక గొంతులో మిరియాల వెచ్చదనం. మూడు నాలుగు నెలలుగా అన్నం ముందు కూర్చుంటే ఊరని నోరు, ఆ ముద్ద కలుపుతుండగానే ఊరడం నాకు అయిదో రోజున తెలిసింది. అది చిన్న సంగతే గాని, ఆ పూట నేను కూర రెండోసారి అడిగి వేయించుకున్నానని మా వారు ఇప్పటికీ అంటారు. ఇందులో ఉప్పు ఉంటుంది కనుక రక్తపోటు ఉన్నవారు అడిగి తీసుకోవలసి ఉంటుంది.

జీరకాద్యరిష్టం సీసా మొదటిసారి తెరిచినప్పుడు మూత కింద నుంచి చిన్నగా గాలి బుస్సుమని వచ్చింది. పాడైందేమోనని భయపడి ఫోను చేస్తే, అది పులిసిన మందు కాబట్టి అలా వస్తుందని, అడుగున గసి ఉంటే కలపకుండా పై తేట మాత్రం వంచుకొమ్మని వైద్యుడు చెప్పారు. అరిష్టం అంటే ముందు మూలికల కషాయం కాచి, అందులో బెల్లం కలిపి, ధాతకీ పుష్పాలు వేసి, మూత బిగించి రోజుల తరబడి పులియబెట్టి తీసినది. కాచకుండా పులియబెడితే ఆసవం. జీరకాద్యరిష్టానికి జీలకర్రే ప్రధానం; శొంఠి, తుంగముస్తలు, జాజికాయ, లవంగాలు, యాలకులు, దాల్చినచెక్క, వాము వంటివి తోడు. పులియడం వల్ల అందులో దానంతట అదే కొద్దిపాటి ఆల్కహాలు పుడుతుంది. ఆ సంగతి సీసా మీద రాసి కూడా ఉంటుంది. నాకు 20 మిల్లీలీటర్లు, అంతే కొలత గోరువెచ్చని నీళ్ళు కలిపి, రెండు పూటలా భోజనం చేసిన పావుగంటకు తాగమన్నారు. ముదురు గోధుమ రంగు, ముందు బెల్లపు తీపి, ఆ వెనకే పులుపు, చివర జీలకర్ర చేదు. నీళ్ళు కలపకుండా తాగితే గొంతు పట్టేస్తుంది.

ఈ బెల్లం, ఆల్కహాలు సంగతి నేను గట్టిగా చెప్పదలచుకున్నాను, ఎందుకంటే మా ఇంట్లోనే రెండుసార్లు అవసరం పడింది. మా వారికి ఎనిమిదేళ్ళుగా మధుమేహం ఉంది. నా ఆకలి పెరగడం చూసి తానూ ఆ అరిష్టమే తాగుతానన్నారు. వైద్యుడు వద్దన్నారు, ఆయనకు చూర్ణం మాత్రమే ఇచ్చారు. పైగా ఏళ్ళ తరబడి మధుమేహానికి మెట్‌ఫార్మిన్ మాత్ర వాడేవారిలో బి12 తగ్గే అవకాశం ఉందని చెప్పి పరీక్ష చేయించారు. తక్కువే ఉంది, ఆయన పాదాల తిమ్మిరికి అదీ ఒక కారణం కావచ్చని తెలిసింది. రెండో సందర్భం నాది. మార్గశిరంలో ఒక పెళ్ళి భోజనం తరువాత విరేచనాలు పట్టుకుంటే దగ్గరలోని డాక్టరు మెట్రోనిడజోల్ మాత్రలు ఇచ్చారు. ఆ మాత్రలతో మద్యం తాగవద్దని వాటితో వచ్చే కాగితంలో ఉంటుంది. అరిష్టం మద్యం కాదని మనం అనుకుంటాము, కాని అందులో ఆల్కహాలు ఉన్న మాట నిజం. వైద్యునికి ఫోను చేస్తే, మాత్రలు అయిపోయి మూడు రోజులు గడిచేదాకా అరిష్టం ముట్టవద్దన్నారు. అడగకపోతే రెండూ కలిపి తాగి ఉండేదాన్ని. ఆ విరేచనాలకు మందు ఇచ్చిన డాక్టరుకు నేను అరిష్టం వాడుతున్నానని చెప్పలేదు, ఎందుకంటే అదీ ఒక మందేనని ఆ క్షణాన నాకు స్ఫురించనే లేదు.

పథ్యం అంటే కారం, పులుపు మానిపిస్తారేమోనని భయపడ్డాను. అలాంటిదేమీ చెప్పలేదు. ఆకలి వేశాకే తినాలి, రాత్రి భోజనం ఎనిమిది లోపు, పెరుగు బదులు పల్చటి మజ్జిగ, వేయించిన వేరుశెనగ పప్పులు సాయంత్రం బదులు మధ్యాహ్నం. ఒకటి మాత్రం నాకు చాలా కష్టమైంది. మా స్టాఫ్ రూములో భోజనం డబ్బాలు మూసీ మూయకముందే టీ వస్తుంది. పదిహేనేళ్ళుగా అన్నం మీద టీ తాగే అలవాటు నాది. టీ తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. తిన్న తోటకూర, పప్పులోని ఇనుమును నేనే రోజూ టీతో అడ్డుకుంటున్నానన్న మాట. టీని నాలుగు గంటలకు జరపడానికి నాకు నెల రోజులు పట్టింది. మొదటి వారం మధ్యాహ్నం తల పట్టేసేది.

మూడు వారాలయ్యాక ఐరన్ మాత్ర మొదలుపెట్టించారు. అంతకుముందే వేసుకుంటే కడుపు తట్టుకోదని ఇద్దరూ ఒకే మాట అన్నారు. పరగడుపున, నిమ్మరసం పిండిన నీళ్ళతో. కాఫీ గాని టీ గాని రెండు గంటల తరువాతే. మలం నల్లబడుతుందని, కంగారు పడవద్దని ముందే చెప్పారు కనుక నేను భయపడలేదు. ఐరన్ వల్ల చాలామందికి మలబద్ధకం వస్తుంది. దానికే రాత్రి త్రిఫల కొనసాగించారు. కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ కలిపిన ఆ చూర్ణంలో వగరు ఎక్కువ కనుక మాత్రకు దూరంగా రాత్రే తీసుకోవాలన్నారు. అశ్వగంధను నేను మళ్ళీ అడగలేదు. బదులుగా జీరకాద్యరిష్టం రెండో సీసా అయిపోయాక ద్రాక్షారిష్టం రాశారు. ఎండు ద్రాక్ష కషాయంతో చేసే అది రుచిగా ఉంటుంది, ఎక్కువ తాగాలనిపిస్తుంది. అందుకే కొలత చిప్పతోనే తీసుకున్నాను.

మందులు కొనేటప్పుడు ఏం చూడాలో కూడా ఆయనే నేర్పించారు. ఆయుర్వేద మందు కూడా 1940 నాటి ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం పరిధిలోదే. తయారీ లైసెన్సు నంబరు, బ్యాచి నంబరు, తయారైన తేదీ, వాడదగిన గడువు, ఏ గ్రంథంలోని యోగం, ఏ మూలిక ఎంత అన్నవి సీసా మీద ఉండాలి. అరిష్టాలు ఏళ్ళ తరబడి నిలుస్తాయి, చూర్ణాలు త్వరగా సారం కోల్పోతాయి. చూర్ణం డబ్బా తెరవగానే ఇంగువ వాసన గుప్పుమనకపోతే అది పాతదే. ఒకే పేరుతో రెండు తయారీదారుల జీరకాద్యరిష్టాలు వాడి చూశాను. రుచిలో తేడా ఉంది, గుణంలో నాకు తేడా తెలియలేదు.

ఏది దేనివల్ల తగ్గిందో విడదీసి చెప్పడం తేలిక కాదని నాకు తెలుసు. అయినా నేను ఒక నోటుపుస్తకంలో తేదీలు రాసుకున్నాను కనుక కొంత చెప్పగలను. ఉబ్బరం, తేపులు మొదటి రెండు వారాల్లోనే సగానికి తగ్గాయి. అప్పటికి ఐరన్ ఇంకా మొదలు కాలేదు, కాబట్టి ఆ మేలు చూర్ణానిది, అరిష్టానిది, వేళకు తినడానిది అని నేను గట్టిగా నమ్ముతున్నాను. మెట్ల మీద ఆయాసం మాత్రం ఆ రెండు వారాల్లో ఒక్క పిసరు కూడా తగ్గలేదు. అది ఐరన్ మొదలైన నెలకు గాని కదలలేదు. కార్తీకం చివర హిమోగ్లోబిన్ 10.4, మాఘంలో 12.2. పచ్చి బియ్యం మీద కోరిక మాత్రం అంకెల కంటే ముందే పోయింది. ఐరన్ మొదలైన పది పన్నెండు రోజులకు ఒక సాయంత్రం బియ్యం కొలిచి కడిగి పొయ్యి మీద పెట్టాక, నోట్లో వేసుకోవడం మరిచిపోయానని తట్టింది. గిన్నె పట్టుకుని అక్కడే కాసేపు నిలబడిపోయాను.

తొలి మూడు నెలల టానిక్ సీసాలు నా నీరసాన్ని తీర్చలేదు సరికదా, నిజమైన కారణాన్ని వెతకకుండా నన్ను ఆపాయి. ఇది ఆయుర్వేదం మీద ఫిర్యాదు కాదు. నా బియ్యం సంగతి పట్టుకున్నదీ, రక్తపరీక్షకు పంపినదీ ఆయుర్వేద వైద్యుడే. ఎవరైనా 40 దాటిన అక్కచెల్లెళ్ళు నీరసానికి బలం మందు అడిగితే నేను ముందు అడిగేది నెలసరి గురించి, బియ్యం గురించి, అన్నం మీద టీ గురించి. మగవాళ్ళకైనా, నెలసరి ఆగిపోయిన ఆడవాళ్ళకైనా ఇనుము తగ్గితే పొట్టలోనో పేగుల్లోనో రక్తం పోతోందేమో చూడవలసి ఉంటుందని స్త్రీవైద్య నిపుణురాలు చెప్పారు. అలాంటివారు అరుగుదల టానిక్‌తో కాలం గడపడం ఎంత ప్రమాదమో తలచుకుంటేనే నాకు ఆందోళన కలుగుతుంది.

ఫాల్గుణంలో చివరిసారి వైద్యుని దగ్గరకు వెళ్ళినప్పుడు ద్రాక్షారిష్టం సగం సీసా మిగిలి ఉంది. అది అయిపోయాక మళ్ళీ కొనవద్దన్నారు. హింగ్వాష్టకం కూడా రోజూ అక్కరలేదు, బరువుగా తిన్న రోజు మాత్రమే. ఐరన్ మాత్ర మాత్రం హిమోగ్లోబిన్ సరిపోయినా ఇంకో మూడు నెలలు వేసుకోవాలని, నిల్వ నిండాలని స్త్రీవైద్య నిపుణురాలు చెప్పారు. ఫెరిటిన్ ఇప్పుడు 31కి వచ్చింది. మళ్ళీ పరీక్ష జ్యేష్ఠంలో, బడులు తెరిచే ముందు.